వ్యూ మంచిగున్న జాగా

వ్యాన్ ఇంటి ముందుకు వచ్చిన రోజు ప్రభాకర్ కాలేజీకి సెలవు పెట్టాడు. ఖమ్మంలో వాళ్ళ వీధి ఇరుకు. అంత పొడుగు బండి మలుపు తిరగడానికి ఎదురింటివాళ్ళు స్కూటర్లు లోపల పెట్టుకోవలసి వచ్చింది. అది పాత ట్రావెలర్ బండి. హైదరాబాదు శివార్లలో ఒక షెడ్డులో ఇచ్చి సీట్లన్నీ తీయించాడు. లోపల మంచాలు, వంటగట్టు, నీళ్ళ ట్యాంకు, మూలకు చిన్న బాత్రూం, పైన సోలార్ పలకలు, పక్కకు లాగితే పరుచుకునే పందిరి పెట్టించాడు. తెల్ల రంగు వేయించి నడుము చుట్టూ ఆకుపచ్చ పట్టీ గీయించాడు. వీధిలో పిల్లలంతా ఎక్కి దిగారు.

తల్లి రామక్క మాత్రం గుమ్మంలోనే నిలబడి చూసింది.

"దీంట్ల పండుకుంటరా?" అని అడిగింది.

"అవ్ అవ్వా. చెరువు కాడ, అడివిల, యాడ మంచిగుంటె ఆడ ఆపుకొని పండుకోవచ్చు."

"ఇల్లు లేనోళ్ళ లెక్కనా?"

శారద నవ్వింది. ప్రభాకర్ నవ్వలేదు.

ప్రభాకర్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్. శారద దవాఖానాలో నర్సు. అతని మేనమామ కూతురే కాబట్టి పెళ్ళయి ఇన్నేళ్ళయినా బావ అనే పిలుస్తుంది. ఒక్కతే కూతురు శ్రావణి, ఇంటర్ చదువుతోంది. టేకులపల్లి దాటి అడవిలోకి పోతే వచ్చే ఇప్పలగుంపు అనే కోయగూడెం వాళ్ళది. తండ్రి పగిడయ్య పోయాక తమ్ముడు పవన్ భార్యతో అక్కడే ఉండి వ్యవసాయం చేసుకుంటూ, తీరిక రోజుల్లో ఆటో నడుపుతున్నాడు. కంటి ఆపరేషన్ కోసం ఖమ్మం వచ్చిన రామక్కను, షుగరుంది, మందులు సరిగా వాడాలి అని ప్రభాకర్ తన దగ్గరే ఆపేశాడు.

ఈ బండి కోరిక అతనికి ఇప్పటిది కాదు. భద్రాచలంలో ఆశ్రమ పాఠశాలలో చదివేటప్పుడు ఆదివారాలు పిల్లలంతా గోదావరి ఒడ్డుకు బట్టలుతుక్కోవడానికి పోయేవాళ్ళు. ఎక్కడెక్కడి నుంచో కార్లలో వచ్చిన కుటుంబాలు అక్కడ మడత కుర్చీలు వేసుకుని, ఫ్లాస్కులో టీ పోసుకుంటూ, అవతలి గుట్టల వైపు చూస్తూ కూర్చునేవి. గుట్ట అంటే ప్రభాకర్‌కు కట్టెలు, తునికాకు, ఎలుగుబంటి భయం. ఊరికే కూర్చుని చూడడానికి కూడా గుట్ట ఉంటుందని అతనికి అక్కడే తెలిసింది. వాళ్ళ పిల్లలు తమను చూసే చూపు కూడా గుర్తుంది. అదీ గుట్టను చూసినట్టే ఉండేది. ఎప్పటికైనా తానూ అట్లా కుర్చీ వేసుకుని కూర్చోవాలని అప్పుడు అనుకున్నాడు. ఉద్యోగం వచ్చింది, ఇల్లు కట్టాడు, ఆ కోరిక మాత్రం అట్లాగే మిగిలిపోయింది.

బండి వచ్చాక సాయంత్రాలన్నీ జాగాలు వెతకడంతోనే గడిచేవి. తండ్రీ కూతుళ్ళు ఫోన్లో వీడియోలు పెట్టుకుని చూసేవాళ్ళు. ప్రభాకర్ లెక్కలు ప్రభాకర్‌కు ఉన్నాయి. వ్యూ ఉండాలి, పక్కన నీళ్ళుండాలి, వ్యాన్ తిరగడానికి చోటుండాలి, కరెంటు, బాత్రూం సరిగా ఉండాలి. శ్రావణి ఏ జాగా చూపించినా వీటితో కొలిచి చెప్పేవాడు. అతను పైకి చెప్పని షరతు ఒకటి ఉంది. అక్కడ తనను ఎరిగినవాళ్ళు ఉండకూడదు. అది శారదకు తెలుసు. టేకులపల్లి వైపు ఏది కనబడినా అతని వేలు ఆగకుండా పైకి తోసేయడం ఆమె గమనిస్తూనే ఉంది.

మొదటి ప్రయాణం ఎండాకాలం చివర్లో పెట్టుకున్నారు. దూరంగా ఒక రిజర్వాయరు, గట్టు కింద మామిడి చెట్లు, నీళ్ళలోకి వంగిన గుట్ట. బయలుదేరే ముందు రోజు పవన్ ఫోన్ చేశాడు.

"అన్నా, ఇత్తనాల పండుగ పెట్టినం. ఈ తాప నువ్వు రావాలె. నాయన కొమ్ములు పెద్దకొడుకు కట్టుకోవాలె గద. పోయినేడు గూడ నేనే కట్టిన. పెద్దోళ్ళు అడుగుతున్నరు."

పండుగల్లో, పెళ్ళిళ్ళలో కోయ మగవాళ్ళు అడవిదున్న కొమ్ములు కట్టుకుని డోలు కొడుతూ ఆడతారు. నెమలి ఈకలు గుచ్చిన ఆ కొమ్ముల టోపీ పగిడయ్యకు అతని తండ్రి నుంచి వచ్చింది. వాళ్ళింట్లో అది పెద్దకొడుకుకే పోవాలి.

"బుకింగ్ అయిపోయింది తమ్మి," అన్నాడు ప్రభాకర్. "ముందు చెప్పాలె గద."

"పండుగ ముందే చెప్పి వస్తదా అన్నా? వాన చూసి పెడ్తం గద."

"వచ్చే ఏడు తప్పకుండ వస్త. నువ్వే కట్టుకో."

పవన్ సరే అని పెట్టేశాడు. రామక్క మరునాడు పొద్దున్నే బట్టల సంచి పట్టుకుని బస్టాండుకు పోయింది. శారద టికెట్ తీసిచ్చి ఎక్కించి వచ్చింది. పండుగ అయ్యాక వచ్చిన రామక్క అక్కడి సంగతులేమీ చెప్పలేదు. ప్రభాకర్ అడగనూ లేదు. పండుగనాడు రిజర్వాయరు దగ్గర అతను కుర్చీ వేసుకుని పొద్దు గుంకేదాకా గుట్టను చూశాడు. బాగానే ఉంది. కానీ మాటిమాటికీ ఫోన్ తీసి చూసుకున్నాడు. ఎవరూ చేయలేదు.

వానాకాలం పోయాక రెండోసారి చండ్రుగొండ దగ్గర ఒక తోటకు వెళ్ళారు. ఒక రైతు తన మామిడితోటలో కొంత చదును చేసి, వ్యాన్లు ఆపుకోవడానికి కరెంటు, నీళ్ళు పెట్టాడు. వీడియోలో బాగుంది, వచ్చి చూసినా బాగుంది. ప్రభాకర్ దిగి పందిరి గుంజుతుంటే తోట యజమాని వచ్చాడు.

"ఓనరు గారు ఏరి బాబూ? లోపలున్నారా?" అని అడిగాడు.

ప్రభాకర్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది.

"నేనే," అన్నాడు.

"అట్లనా," అన్నాడాయన. మంచినీళ్ళ కుళాయి ఎక్కడుందో చూపించి పోయాడు. మర్యాదగానే ఉన్నాడు. కానీ ప్రభాకర్‌కు ఆ రెండు రోజులూ తిండి రుచించలేదు. ఖమ్మం తిరిగి వచ్చాక నల్ల కళ్ళద్దాలు, జేబులున్న నిక్కరు, అంచు టోపీ కొన్నాడు. శారద వాటిని చూసి, "ఇవేసుకుంటె ఓనర్ లెక్క కనబడ్తవా బావా?" అంది. ఆమె ఎకసెక్కానికి అనలేదు. అయినా అతను ముఖం తిప్పుకుని వాటిని వ్యాన్‌లో పెట్టి వచ్చాడు.

మూడో జాగా శ్రావణి వెతికింది. టేకులపల్లి అవతల అడవి అంచున వాగు ఒడ్డున కొత్తగా పెట్టిన క్యాంపు. వాగు మెలిక తిరిగే చోట ఇసుక తిన్నె, అవతల వరసగా గుట్టలు, పొద్దున మంచు. ఫొటోలు చూసి ప్రభాకర్ కూడా వంక పెట్టలేదు. ఇంత మంచి వ్యూ వాళ్ళు చూసిన వీడియోల్లో ఎక్కడా లేదు.

"ఇది మన ఊరి దిక్కే గద," అంది శారద.

"ఊరికి దూరమే," అన్నాడు ప్రభాకర్. "మనోళ్ళెవరూ అటు పోరు."

రామక్క ఈసారి తానూ వస్తానంది. "పవన్ గాని కాడికి పోదాం. మనుమరాలిని చూసినట్టుంటది వానికి."

"పోదామవ్వా. ముందు క్యాంపు, తెల్లారి వచ్చేటప్పుడు ఊరు."

చలికాలం శనివారం మధ్యాహ్నానికి చేరారు. క్యాంపు మేనేజరు జయప్రకాశ్ అనే కుర్రవాడు. చేతిలో వాకీటాకీ, మెడలో క్యాంపు పేరున్న పట్టీ. అతను ప్రభాకర్‌ను చూడగానే "వెల్‌కమ్ సార్" అని చేయి కలిపాడు, వ్యాన్ చుట్టూ తిరిగి మెచ్చుకున్నాడు, వాగు పక్కన అన్నిటికంటే మంచి జాగా చూపించాడు. ప్రభాకర్ కుర్చీలు దింపాడు. ఎండ మెత్తగా ఉంది. వాగు నీళ్ళు సన్నగా, అడుగు రాళ్ళు కనబడేటట్టు పారుతున్నాయి. ఇదే తాను ఇంతకాలం వెతికిన చోటు అనుకున్నాడు.

పక్క జాగాలో సత్తుపల్లి నుంచి వచ్చిన వెంకటరామారావు, ఆయన భార్య హైమ ఉన్నారు. వాళ్ళకు ఎరువుల వ్యాపారం, తోటలు ఉన్నాయి. కలుపుగోలు మనుషులు. హైమ ఒక డబ్బా నిండా జంతికలు తెచ్చి శారదకు ఇచ్చింది. వెంకటరామారావు వ్యాన్ లోపలంతా చూసి, తాను కూడా ఇటువంటిది చేయించాలనుకుంటున్నానని షెడ్డు నంబరు అడిగి తీసుకున్నాడు. ఇద్దరూ కుర్చీల్లో కూర్చున్నారు.

"సొంతూరు ఏదండీ మీది?"

"ఖమ్మమేనండీ," అన్నాడు ప్రభాకర్.

వంటగట్టు దగ్గరున్న శారద తల ఎత్తి చూసింది. అతను అండీ అనడం ఆమె ఎప్పుడూ వినలేదు.

"సాయంత్రం ఇక్కడ ట్రైబల్ డాన్స్ ఉందట. చూశారా ఎప్పుడన్నా?"

"లేదండీ."

"బాగుంటుంది. మంచోళ్ళండీ వీళ్ళు, అమాయకులు. కాకపోతే పని చేయరు. ఇంత పొలం ఉన్నా అడివి పట్టుకుని తిరుగుతారు. చదువుకోమంటే చదువుకోరు."

ప్రభాకర్ వాగు వైపు చూస్తూ తల ఊపాడు. ఎందుకు ఊపాడో అతనికే తెలియదు. లోపల మంచం మీద దుప్పటి కప్పుకుని పడుకున్న తల్లికి వినబడిందేమో అని ఒకసారి వెనక్కి చూశాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

పొద్దు గుట్ట మీదికి వాలే వేళకు డోలు చప్పుడు వినబడింది. ఆట జరిగే తిన్నె మీద అప్పటికే క్యాంపులోని వాళ్ళంతా చేరారు. ప్రభాకర్, శారద, శ్రావణి కూడా వెళ్ళారు. రామక్క నిద్రలో ఉందని లేపలేదు. అడవి బాట వెంట ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. పచ్చ చీరలు కట్టిన ఆడవాళ్ళు, డోళ్ళు మెడకు తగిలించుకున్న మగవాళ్ళు దిగి వరసకట్టారు. అందరికంటే ముందు, తలకు కొమ్ములు కట్టుకున్న మనిషి కాళ్ళ గజ్జెలు కదిలిస్తూ నడిచి వచ్చాడు. ఒక కొమ్ము చివర చిన్న పగులు, దాని చుట్టూ ఇత్తడి తీగ చుట్టి ఉంది. ప్రభాకర్ ముందు ఆ తీగను గుర్తుపట్టాడు. తర్వాత మనిషిని.

"చిన్నాన్న," అంది శ్రావణి మెల్లగా.

శారద ఆమె చేయి పట్టుకుంది. భర్త ముఖం వైపు చూసింది. ప్రభాకర్ నల్ల కళ్ళద్దాలు తీయలేదు. తీయకుండానే నిలబడ్డాడు.

పవన్ ఆడుతూ ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి అన్నను చూశాడు. అడుగు తప్పలేదు. డోలు మీద చేయి కూడా ఆగలేదు. కళ్ళు మాత్రం అన్న ముఖం మీద ఒక క్షణం నిలిచాయి. పిలుస్తాడేమో అనుకున్నాడు ప్రభాకర్. పిలిస్తే ఏమనాలి? పక్కన వెంకటరామారావు ఉన్నాడు. ప్రభాకర్ తల పక్కకు తిప్పుకుని వాగు వైపు చూశాడు. మళ్ళీ ఇటు తిరిగేసరికి పవన్ అవతలికి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆట అయ్యేదాకా అతను మళ్ళీ ఇటు చూడలేదు.

ఆడవాళ్ళు ఒకరి నడుము ఒకరు పట్టుకుని రేల పాట ఎత్తుకున్నారు. అది విత్తనం చల్లే పాట. శారద పెదవులు వాటంతటవే కదిలాయి. మళ్ళీ ఆగిపోయాయి.

ఆట అయిపోగానే జయప్రకాశ్ ముందుకు వచ్చాడు. "గెస్టులు ఎవరన్నా కొమ్ములు పెట్టుకొని ఫొటో దిగొచ్చు. లైనులో రండి ప్లీజ్."

పిల్లలు ముందు పోయారు. పవన్ కొమ్ములు విప్పి, ఒక్కొక్కరి తల మీద పెట్టి, గడ్డం కింద తాడు వదులుగా కట్టి, ఫొటో అయ్యాక తీస్తున్నాడు. వెంకటరామారావు పెట్టుకున్నాడు. హైమ నవ్వు ఆపుకోలేక రెండుసార్లు ఫొటో తీయవలసి వచ్చింది.

"మీరూ రండి ప్రభాకర్ గారూ," అని వెంకటరామారావు అతని భుజం పట్టుకుని ముందుకు తోశాడు. "మీ అమ్మాయి ఫొటో తీస్తుంది, పదండి."

"వద్దండీ."

"అదేంటండీ, ఇంత దూరం వచ్చి."

వద్దని ఇంకోసారి అంటే ఎందుకు వద్దో చెప్పవలసి వస్తుందేమో అనిపించింది ప్రభాకర్‌కు. రెండడుగులు ముందుకు వేశాడు. పవన్ ఎదురుగా నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా చేయెడు దూరం. తమ్ముడి ఒంటి మీద చెమట, దుమ్ము, ఇప్పనూనె వాసన. పవన్ అతని అంచు టోపీ తీసి శ్రావణి చేతికి ఇచ్చాడు. కొమ్ముల టోపీ రెండు చేతులతో ఎత్తి అన్న తల మీద పెట్టాడు. అందరికీ చేసినట్టు తాడు వదులుగా కట్టలేదు. గట్టిగా, సరిగా, పండుగలో కట్టినట్టు కట్టాడు.

సరిగ్గా అప్పుడే రామక్క అక్కడికి వచ్చింది. డోలు చప్పుడుకు మెలకువ వచ్చి, తమ ఇంటి డోలు అని పోల్చుకుని, చీకటి పడకముందే చప్పుడు వచ్చిన దిక్కు పట్టుకుని నడిచి వచ్చింది. జనం వెనక నుంచి ఆమెకు కనబడింది ఒక్కటే. చిన్నకొడుకు కట్టగా పెద్దకొడుకు తల మీద తండ్రి కొమ్ములు. ఆమె ముఖం విప్పారింది. కొంగు సవరించుకుని, రెండు చేతులూ పైకెత్తి, మనుషులను తప్పించుకుంటూ గబగబా ముందుకు వచ్చింది. నోట్లో ఏదో పాట మొదలైంది.

"నిటారుగ నిలబడుండ్రి సార్," అన్నాడు పవన్. "ఫోన్ దిక్కు చూడుండ్రి. నవ్వుండ్రి."

రామక్క ఆగిపోయింది. ఎత్తిన చేతులు అట్లాగే ఉన్నాయి. కాసేపటికి దించుకుంది.

శ్రావణి ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఫొటో తీయలేదు. హైమ తన ఫోనుతో తీసింది. "భలే సరిపోయిందండీ మీకు," అంది.

పవన్ తాడు విప్పి కొమ్ములు తీశాడు. ఏదో ఒకటి అనాలి కాబట్టి ప్రభాకర్ నోట "థాంక్యూ" అని వచ్చింది.

రామక్క చిన్నకొడుకు దగ్గరికి పోయింది. కోయలో అడిగింది, "మీ అన్నను సార్ అన్నవేందిరా?"

పవన్ కూడా కోయలోనే జవాబిచ్చాడు. "నన్ను తమ్ముడని పిలువలేదవ్వా. అందుకే అట్ల అన్న."

ఆ మాటలు ప్రభాకర్‌కు, శారదకు, ఆడిన వాళ్ళకు అర్థమయ్యాయి. మిగతా వాళ్ళకు మాటలు తెలియకపోయినా సంగతి తెలిసిపోయింది. వ్యాన్‌లోంచి దిగిన ముసలామె ఆ మనిషి చెంప నిమురుతూ మాట్లాడుతుంటే ఇంక తెలియనిదేముంది.

వెంకటరామారావు ముందు తేరుకున్నాడు. ప్రభాకర్ దగ్గరగా వచ్చి గొంతు తగ్గించాడు. "మీరు అట్లా కనిపించరండీ," అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. ఇంతసేపూ తాను అన్న మాటలను అది సరిచేస్తుందనుకున్నాడేమో.

జయప్రకాశ్ మాత్రం ఉత్సాహపడిపోయాడు. "సార్, ముందే చెప్పొచ్చు గద. మీలాంటి ఎడ్యుకేటెడ్ వాళ్ళు మా గెస్టులకు మీ కల్చర్ గురించి పది నిమిషాలు చెప్తే ఎంత బాగుంటది. మీరెప్పుడొచ్చినా వాగు పక్క జాగా మీదే, ఫ్రీ."

ప్రభాకర్ ఇద్దరినీ దాటి ముందుకు వచ్చాడు. తల్లి కోసం చూశాడు. ఆమె ఆడవాళ్ళతో కలిసి ట్రాలీ ఆటో దగ్గరికి నడుస్తోంది. వెనకాలే పోయాడు.

"అవ్వా, రేపు పొద్దుగాల పోదామంటిమి గద. ఇప్పుడెందుకు?"

"మీరు రేపు రాండ్రి," అంది రామక్క ఆటో ఎక్కుతూ. ఎవరో ఆడమనిషి జరిగి చోటిచ్చింది. "నేను వీళ్ళతోని పోత."

"మందులు బండిల ఉన్నయ్."

"తేపో మరి."

శారద పరుగున పోయి మందుల సంచి, దుప్పటి తెచ్చి అత్త ఒళ్ళో పెట్టింది. పవన్ ఆటో తిప్పాడు. వదినను చూసి తల ఊపాడు. అన్న వైపు చూడలేదు.

వ్యాన్‌లో ఆ సాయంత్రం శారద అన్నం వండింది. హైమ ఇచ్చిన జంతికల డబ్బా మూత తీయకుండానే తీసుకుపోయి ఆమెకు ఇచ్చి వచ్చింది. కంచాల ముందు కూర్చున్నాక శ్రావణి అడిగింది.

"నాన్నా, చిన్నాన్న నిన్ను గుర్తుపట్టిండా?"

"పట్టిండు."

"నువ్వు?"

ప్రభాకర్ అన్నం కలుపుతూ ఉండిపోయాడు. "తిను," అంది శారద కూతురితో. ఎవరిని కాపాడాలనుకుందో తెలియదు కానీ ఆ మాటతో అందరూ తలలు దించుకుని తిన్నారు.

తెల్లవారి ఇప్పలగుంపు బయలుదేరారు. మట్టి బాట. రెండు వైపులా కొమ్మలు వ్యాన్ తెల్లరంగును గీస్తున్నాయి. గూడెంలోకి బండి పోదు. మొదటి ఇంటి దగ్గరే ఆపి నడిచారు. పిల్లలు వెనకాల వచ్చారు. ఒక చిన్నపిల్ల శ్రావణిని కోయలో ఏదో అడిగింది. శ్రావణి నవ్వి, నాకు రాదు అన్నట్టు చేయి ఊపింది. ఆ పిల్ల మరొకరి చెవిలో ఏదో చెప్పింది.

పవన్ వాకిట్లో ఉన్నాడు. వాళ్ళను చూడగానే లోపలికి పోయి నులకమంచం తెచ్చి చెట్టు కింద వాల్చాడు. మళ్ళీ పోయి కొత్త దుప్పటి, మడత విప్పనిది, తెచ్చి దాని మీద పరిచాడు. "కూసోండ్రి," అన్నాడు. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఆ ఇంటికి ఎవరు చుట్టం వచ్చినా అట్లాగే చేస్తారు. ప్రభాకర్ తానూ అట్లాగే చేసేవాడు, ఊరి బయటి వాళ్ళకు. ఇంటి మనిషి వస్తే మంచం వేయరు. వచ్చినవాడే పోయి కుండలో నీళ్ళు ముంచుకుంటాడు.

అతను కూర్చోలేదు. కుండ దగ్గరికి పోదామని రెండడుగులు వేశాడు. చెంబు అప్పటికే చేతిలో ఉంది. ఆగిపోయాడు.

రామక్క పొయ్యి దగ్గర జొన్న గట్కా కలుపుతోంది. నిన్నటి చీర కాదు, పొలానికి పోయిన చిన్నకోడలిదేదో కట్టుకుని ఉంది. కొడుకును చూసి, "తింటవా?" అంది. అంతే.

శ్రావణి ఇంటి వెనక దాకా పోయి వచ్చింది. అక్కడ నేల కిందికి వాలి, అదే వాగు కనబడుతుంది. అవే గుట్టలు, ఇంకా దగ్గరగా, పొగమంచు ఇంకా విడలేదు. "నాన్నా, ఇక్కడ వ్యూ ఎంత బాగుందో. మనం ఇక్కడనే వ్యాన్ పెట్టుకోవచ్చు గద?"

"పెట్టుకోండ్రమ్మా," అన్నాడు పవన్. "బాత్రూమే ల్యాదు."

శారద ఈసారి నవ్వలేదు.

ప్రభాకర్ తమ్ముడి పక్కకు పోయి కోయలో మాట్లాడాడు. చాలా రోజుల తర్వాత కాబట్టి మాటలు వెతుక్కుంటూ మాట్లాడాడు. నిన్న జరిగింది మనసులో పెట్టుకోవద్దన్నాడు. ఆ మనుషుల ముందు ఏం చేయాలో తోచలేదన్నాడు. ఊళ్ళో అందరి ముందు ఆడేది పండుగకు కదా, అక్కడ ఫొటోలకు ఎందుకు అని కూడా అన్నాడు. అనకుండా ఉండవలసింది.

పవన్ అంతా విన్నాడు. తెలుగులో జవాబిచ్చాడు.

"పండుగకు ఆడుతనే ఉన్న గద. పండుగకు వచ్చి చూసెటోళ్ళు ల్యారు, క్యాంపుకు వచ్చి చూస్తున్నరు."

"నాతోని తెలుగుల మాట్లాడుతున్నవేంది?"

"నిన్న నువ్వు థాంక్యూ అంటివి గద. మల్ల నేను ఏంట్ల మాట్లాడాలె?"

కోపంగా అనలేదు. ఆటో ఎక్కిన మనిషికి దారి చెప్పినట్టు చెప్పాడు. ప్రభాకర్‌కు అదే భరించరానిదిగా ఉంది. తిడితే బాగుండుననిపించింది. చిన్నప్పుడు కొట్టుకున్నట్టు మీద పడితే ఇంకా బాగుండును.

"వచ్చే పండుగకు వస్త. కొమ్ములు నేను కట్టుకుంట."

"రాండ్రి," అన్నాడు పవన్. "చూసి పోదురు."

ఎండ ఎక్కుతుండగా శారద అత్తను బయలుదేరమంది. రామక్క గట్కా గిన్నెలు కడుగుతూ, "నేను ఈడనే ఉంట బిడ్డా," అంది. "ఆ మందు బిల్లలు పవన్ గాడు తెచ్చిస్తడు. పిల్ల సన్నబడ్డది, దానికి సరిగ పెట్టు." ప్రభాకర్ అక్కడే ఉన్నాడు. తనతో కూడా ఏదైనా అంటుందని చూశాడు. ఆమె గిన్నెలు బోర్లించి, చేతులు కొంగుకు తుడుచుకుని, శ్రావణి తల నిమిరింది. కొడుకు వైపు తిరిగి, "పైలంగ పో," అంది. ఆ మాట ఆమె ఎవరితోనైనా అంటుంది.

వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి దాని వెనక ఎవరిదో ఎడ్లబండి ఆపి ఉంది. ముందు మట్టిబాట మీద నీళ్ళ గుంట. తిప్పడానికి చోటు లేదు. ప్రభాకర్ స్టీరింగ్ ముందు కూర్చుని అద్దాల్లో చూస్తూ ముందుకూ వెనక్కూ కదిలించాడు. చక్రం గుంట అంచు దాకా జారింది. అప్పుడు పవన్ వచ్చాడు. ఎడ్లబండిని పక్కకు లాగించి, వ్యాన్ వెనక నిలబడి చేయి ఆడించాడు.

"రానీ, రానీ. ఎడమకు కొట్టు. ఇంక రానీ. ఆగు."

అతను చెప్పినట్టే ప్రభాకర్ తిప్పాడు. ఒకసారి ఆపాడు, మళ్ళీ తిప్పాడు. వ్యాన్ ముఖం రోడ్డు వైపు మళ్ళింది. కిటికీలోంచి తల బయటపెట్టి తమ్ముడిని పిలుద్దామనుకున్నాడు. పవన్ వ్యాన్ ఒంటి మీద అరచేత్తో రెండుసార్లు చరిచాడు.

"రైట్, పోనీయ్," అన్నాడు.